గీత ఆగిన చోటు

పోయిన వారం బాల్‌రాజు దుబాయి నుంచి చెప్పాపెట్టకుండా వచ్చి, కోరుట్లలో భార్య అద్దెకుంటున్న ఇంటి ముందు దిగాడు. సకల జనుల సమ్మెతో బస్సులు డిపోలు దాటడం లేదు కనుక హైదరాబాదులోనే కారు మాట్లాడుకున్నాడు. అదే విమానంలో వచ్చిన కోరుట్ల మిత్రుడు మజర్ కూడా వెంట ఉన్నాడు. రెండేళ్ల తర్వాత కనిపించిన భర్తను చూసి తిరుమల చెంబుతో నీళ్లు తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆయన చెంబు అందుకోలేదు. చెప్పులు కూడా విడవకుండా, "కథలాపూర్ రోడ్డు మీద ఎవలింటికి పోతున్నవ్?" అని అడిగాడు. తిరుమల చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది.

"కాళ్లు కడుక్కో. లోపలికి రా," అంది చివరికి.

"అడిగినదానికి చెప్పు."

మజర్ ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. పక్క వాటాలో పప్పు రుబ్బుతున్న చప్పుడు ఆగిపోయింది. "అన్నా, లోపలికి పోయి మాట్లాడుకుందాం," అని అతనే బాల్‌రాజు భుజం మీద చేయి వేసి నడిపించాడు.

కరెంటు లేదు. సింగరేణిలో బొగ్గు తవ్వడం ఆగిన దగ్గర్నుంచి ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియడం లేదు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని బాల్‌రాజు ఫోను తీశాడు. ఆఫీసు కంప్యూటర్ తెరను ఫొటో తీసి పెట్టుకున్నాడు. మ్యాపు మీద ఎర్రటి గీత. కోరుట్లలో మొదలై, చెరువు కట్ట దాటి, కథలాపూర్ రోడ్డెక్కి, పొలాల మధ్యనుంచి వంకర్లు తిరుగుతూ పోయి ఒకచోట ఆగింది. ఆగినచోట గీత చిన్న ఉండలాగా చుట్టుకుని, మగ్గం మీద పోగు చిక్కుపడ్డట్టుంది. మనిషి నిలబడిపోయినా, బాల్‌రాజు దుబాయి నుంచి పంపిన పరుగు గడియారం ఊరుకోదు. ఎక్కడున్నానని ఆకాశంలోని ఉపగ్రహాలను అడుగుతూనే ఉంటుంది. వచ్చే జవాబుల్లోని కాస్త తేడాలే ఇట్లా చిక్కుముడి గీస్తాయి. ఆ సంగతి తిరుమలకు తెలుసు. బాల్‌రాజు కూడా తెలుసుకున్నాడు.

"గిది ఒక్కటే కాదు. నాలుగు ఐతారాలవి ఉన్నయి. అన్నిట్ల గాడనే ఆగినవ్."

తిరుమల ఫోను చేతిలోకి తీసుకుని చూసింది. ఆ పరుగు తనది కాదు.

ఆ రోడ్డు మీద ఆమె పరుగెత్తక చాలా రోజులైంది. తిరుమల జిల్లా పరిషత్ బడిలో వ్యాయామ ఉపాధ్యాయిని. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పిల్ల. కాలేజీ రోజుల్లోనే దూరపు పరుగులో పేరు తెచ్చుకుంది. పెళ్లితో ఆగిన పరుగును మళ్లీ మొదలుపెట్టి, సంక్రాంతి వెళ్లాక ముంబయిలో జరిగే మారథాన్‌కు తయారవుతుండగా మడమ దెబ్బతిన్నది. జగిత్యాల డాక్టరు పరుగు మానకపోతే నడక కూడా మిగలదన్నాడు. భర్తకు చెప్తే అసలుకే వద్దంటాడని ఆమె చెప్పలేదు. గడియారం ఊరికే పడి ఉండటమెందుకని తన దగ్గర చదివిన షాజియాకు ఇచ్చింది. షాజియా డిగ్రీ రెండో ఏడు. యూనివర్సిటీ క్రాస్‌కంట్రీ జట్టులో చోటు కోసం పరుగెత్తుతోంది. మజర్‌కు సొంత చెల్లెలు.

"టీచర్ తోడుంటేనే పో. ఒంటరిగ పోయినవని తెలిస్తే ఆ బూట్లు పొయ్యిల పెడత," అని మజర్ దుబాయి నుంచి షరతు పెట్టి పంపుతున్నాడు. తిరుమల పరుగు మానిన సంగతి అతనికి తెలియదు. చెప్పొద్దని షాజియా ఆమె చేతులు పట్టుకుని బతిమాలింది.

ఆగిన చోటు సంగతి కూడా షాజియా ముందే చెప్పింది. ఆదివారం దూరపు పరుగులో కథలాపూర్ దాకా పోయి పెద్దక్క ఆయేషా దగ్గర కాసేపు కూర్చుని వస్తున్నానంది. ఆ మాట చెప్పేటప్పుడు పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయేషా పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆయేషా భర్త అఫ్సర్ గల్ఫ్ వీసాల ఏజెంటు. తన మామను, అంటే మజర్ తండ్రి ఖుర్షీద్‌ను, డ్రైవరు పనికని చెప్పి ఎడారిలో గొర్లు కాసే పనికి పంపాడు. ఆ ముసలాయన అక్కడే ఎండకు పడిపోయి, పెట్టెలో తిరిగొచ్చాడు. ఆనాడే మజర్ అక్కతో తెగతెంపులు చేసుకున్నాడు. తల్లి జులేఖాబీ ఏడ్చి ఏడ్చి కొడుకు మాటకే తలవంచింది.

ఇప్పుడు ఆ మజరే గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"చూసింది సాలు. చెప్పు," అన్నాడు బాల్‌రాజు.

"నీకు గివన్ని ఎట్ల తెలుస్తున్నయి?" తిరుమల ఫోను తిరిగిస్తూ అడిగింది. "గడియారం నా చేతికుంటది. లెక్కలు నా పేరు మీద ఎక్కుతయి. నువ్వు దుబాయిల కూసోని ఎట్ల సూస్తున్నవ్?"

"అకౌంటు తెరిచింది నేను. పాస్‌వర్డు నాది. వైరు తగిలిస్తె సాలని అందుకే చెప్పిన."

నిజమే. గడియారంతోపాటు ఒక చీటీ మీద పేరు, పాస్‌వర్డు రాసి పంపాడు. ఇంటర్నెట్ సెంటర్‌లో వైరు తగిలిస్తే చాలని ఫోనులో చెప్పాడు. తనకు శ్రమ లేకుండా చేశాడని తిరుమల ఎంతో పొంగిపోయింది. బడిలో తోటి టీచర్లకు కూడా చెప్పుకుంది. ఆ చీటీ కూడా గడియారంతోపాటే షాజియా చేతికి పోయింది.

మజర్ గొంతు సవరించుకున్నాడు. "అన్నా, నేను అప్పుడే చెప్పిన గద. మనసుల ఏమన్న ఉంటె నోటితోని అడుగుమన్న. గడియారం మార్పిచ్చుడెందుకు అన్న."

"మార్పిచ్చుడేంది?" అంది తిరుమల.

మజర్ నాలుక కరుచుకున్నాడు. బాల్‌రాజు కిటికీ వైపు తిరిగాడు.

"మజర్, నిన్నే అడుగుతున్న. మార్పిచ్చుడేంది?"

తప్పేట్టు లేదని మజర్‌కు అర్థమైంది. "నువ్వు నల్లది అడిగినవ్ గద వదినా. నేను గదే కట్టి పెట్టిన. తెల్లారి అన్న దుకాన్‌కు వచ్చి, గిది వద్దు, ఏడికి పోయింది మ్యాపుల చూపిచ్చేది ఏది అని అడిగిండు."

తిరుమల మంచం అంచున కూర్చుంది.

ఎండాకాలంలో మూడు శుక్రవారాలు మజర్‌తో ఫోనులో మాట్లాడి ఆమె ఆ గడియారాన్ని ఎంచుకుంది. అతను దుబాయిలో పనిచేసే క్రీడాసామగ్రి దుకాణంలో అద్దాల బీరువా ముందు నిలబడి ఒక్కొక్కటి తీసి చెప్పేవాడు. మొదట తీసింది సన్నగా, అందంగా ఉందన్నాడు. ఛార్జింగ్ ఎంతసేపుంటుందని అడిగితే దూరపు పరుగు పూర్తికాకముందే అయిపోతుందన్నాడు. కరెంటు కోతల ఊళ్లో అదెందుకని పక్కన పెట్టించింది. చెమట వేళ్లతో నొక్కితే బొత్తాం పడుతుందా అని అడిగింది. అతను వేలు తడి చేసుకుని మరీ నొక్కి చూశాడు. సన్నటి మణికట్టు మీద జారుతుందా, ఎండలో అంకెలు కనిపిస్తాయా, ఛాతీకి కట్టుకునే పట్టీ గుండె వేగాన్ని సరిగ్గా చెప్తుందా, ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. చివరికి నల్లగా, మొద్దుగా ఉన్న ఒకదాన్ని ఖాయం చేసింది. దూరం, వేగం, గుండె. అంతకు మించి ఏమీ చెప్పదు. దారి గీసి చూపించదు. కంప్యూటర్ అవసరం లేదు. "చూస్తానికి బాగలేదు వదినా," అని మజర్ నవ్వితే, "నేను చూస్తానికి కొంటలేను, ఉరుకుతానికి కొంటున్న," అంది.

వచ్చింది ఎర్రటిది, ఖరీదైనది. భర్త ప్రేమకొద్దీ ఎక్కువ పెట్టి కొన్నాడనుకుంది. బొత్తాలు చిన్నవి, చెమటకు జారేవి. ఛార్జింగ్ నిలిచేది కాదు. ఆ లోపాలేవీ భర్తకు చెప్పకుండా సర్దుకుంది.

"పెండ్లైన నాటి నుంచి నిన్ను ఒక్కటే అడిగిన," అంది ఆమె నెమ్మదిగా. "చీర అడగలే, బంగారం అడగలే. నాకు పనికొచ్చే గడియారం అడిగిన. నీకు పనికొచ్చేది కొన్నవ్."

బాల్‌రాజు ముఖం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు. "ముందు సంబురానికే చూసిన తిరుమలా. దేవుని తోడు. ఎనిమిది మంది పండే రూముల ఉంటం మేము. శుక్రారం ఆఫీసుల ఎవలు ఉండరు. కంప్యూటర్ తెరిచి నీ గీత ఎంబడి వేలు పెట్టుకుంట పోయేటోణ్ని. గీడ కల్వర్టు, గీడ చింతతోపు అని లెక్క పట్టుకునేటోణ్ని. ఊర్లె తిరిగినట్టుండేది." ఆగాడు. "గా ముడి కనపడ్డంక నిద్ర లేదు. నేను టైంకీపర్ను. ఒకని కార్డు ఇంకొకడు కొట్టుడు, పనికి పోకుండ పోయిన్నని చెప్పుడు, దినాం గీ అబద్ధాలే పట్టుకుంట. నాకు అర్థం కాదనుకున్నవా?"

ఆ మాటలు విని తిరుమల గుండె ఒక్క క్షణం మెత్తబడింది. వెంటనే ఇంకోటి తోచి గట్టిపడింది. ఆయన ఆ గీతలో ఆగిన చోటే చూశాడు. పరుగు చూడలేదు. వేగం అంకెలు గీత కిందే ఉన్నాయి. ఇరవై ఏళ్ల పిల్ల కాళ్లకు తప్ప ఆ వేగం రాదు. భార్య ఎట్లా పరుగెత్తుతుందో ఒక్కసారైనా చూసి ఉంటే, ఇది తిరుమల కాదు అని దుబాయిలో కూర్చునే తెలుసుకునేవాడు.

ఒక్క మాట చాలు. గడియారం షాజియా దగ్గరుందంటే తన మీది మచ్చ పోతుంది. కానీ ఆ మాట మజర్ చెవిన పడగానే షాజియా పరుగు ఆగిపోతుంది. ఒంటరిగా పోతున్నదని ఒకటి, ఆయేషా గడప తొక్కుతున్నదని ఇంకొకటి. వచ్చే నెలలోనే జట్టు ఎంపిక. ఆ పిల్ల చెప్పుల్లేకుండా బడి మైదానంలో పరుగెత్తిన రోజు నుంచి తిరుమలకు తెలుసు. తన కాళ్లు చేయలేనిది ఆ కాళ్లు చేస్తాయని నమ్ముకుంది.

"ఆగిన," అంది. "నేనే ఆగిన. ఆయేషా అక్క ఇంటికి పోతున్న."

బాల్‌రాజు ఆ పేరు ఊహించలేదు. మజర్ వైపు చూశాడు. మజర్ గుమ్మం వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"మా అబ్బాను పెట్టెల దించుకున్ననాడు నువ్వు మా ఇంట్లనే ఉన్నవ్ వదినా," అన్నాడు. "మా అమ్మీని నువ్వే పట్టుకున్నవ్. అన్ని తెలిసి పోయినవా?"

"ఆడిమనిషి ఒక్కతే ఉంటది. పోయిన."

"షాజియా నీతోనే ఉంటది గద పరుగుల. దాన్ని సుత తోల్కపోయినవా?"

"లేదు. దాన్ని తొవ్వలనే నిలబెట్టిపోయిన."

అబద్ధం ఇంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. మజర్ ముఖం తిప్పుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

బాల్‌రాజు లేచాడు. "మంచిది. నేను మా ఊరు రుద్రంగి పోవాలె, అవ్వ ఎదురు చూస్తది. కథలాపూర్ తొవ్వలనే గద. ముగ్గురం పోయి ఆయేషానే అడుగుదాం."

"అడుగు," అంది తిరుమల. వద్దంటే ఒప్పుకున్నట్టే. ఆయేషా తెలివైన మనిషి, చెల్లెలి కోసం కళ్ల సైగతోనే అర్థం చేసుకుంటుందని ఆశపడింది.

కారు చౌరస్తాలో ఆగాల్సొచ్చింది. దీక్షా శిబిరం దగ్గర టీచర్లు, మున్సిపాలిటీ వాళ్లు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. బడి ఆయా సత్యవ్వ తిరుమలను గుర్తుపట్టి కారు అద్దం దగ్గరికి వచ్చింది. "టీచరమ్మా, రేపు నిరాహార దీక్షల నీ వంతు. మర్సిపోకు." పక్కనున్న బాల్‌రాజును చూసి నవ్వింది. "మీ ఆయన అచ్చిండా? మంచిగైంది. తెలంగాణ అచ్చే యాళ్లకు అచ్చిండు." బాల్‌రాజు నవ్వలేదు. తిరుమల వస్తానన్నట్టు తలూపింది. మనుషులు జరిగి దారిచ్చారు.

రోడ్డుకు రెండు పక్కలా వరి పొట్ట దశలో ఉంది. మోటార్లు నడవక మడులు నెర్రెలు పడుతున్నాయి. ముందు సీట్లో మజర్, వెనక భార్యాభర్తలు, మధ్యలో బాల్‌రాజు చేతిసంచి. ఊరు ఇంకా రాకముందే ఒక మలుపు దగ్గర ఆయన ఫోను తీసి చూసుకున్నాడు. బయటికి చూశాడు. మళ్లీ ఫోను చూశాడు. జేబులో పెట్టుకున్నాడు.

ఆయేషా ఇల్లు ఊరు దాటాక అవతలి కొసన ఉంది. రేకుల ఇల్లు. ఆమె అరుగు మీద కూర్చుని ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. అఫ్సర్ లేడు. ఏజెంటు పని మూతబడ్డాక అతను నిజామాబాదులో ఏదో చేసుకుంటున్నాడని విన్నారు. కారు చూసి ఆయేషా తలెత్తింది. ముందు సీట్లో తమ్ముణ్ని గుర్తుపట్టి, చేతిలో బీడీ చుట్టడం అట్లాగే ఆపింది. మజర్ దిగలేదు. రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

బాల్‌రాజు దగ్గరికి పోయాడు. "అక్కా, నేను రుద్రంగి బాల్‌రాజును. మజర్ దోస్తును. ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. గీమె నా భార్య. నీ దగ్గరికి అస్తదా?"

ఆయేషా చూపు కారు మీదే ఉంది. తిరుమల ఆమెకు ఎదురుగా జరిగి కళ్లతో బతిమాలింది. ఆయేషా ఆ కళ్లను చూడలేదు. నాలుగేళ్ల తర్వాత కనిపించిన తమ్ముడి మెడను, నెరిసిన చెంపను చూస్తోంది.

"నా దగ్గరికి ఎవలస్తరు తమ్మీ," అంది. "గీమెను మా అబ్బా మయ్యత్తునాడు సూసిన. మల్ల గిప్పుడే సూసుడు."

బాల్‌రాజు భార్య వైపు తిరిగినప్పుడు ఆయన ముఖంలో కోపం కూడా లేదు. గెలిచినవాడిలాగా కాదు, పెద్ద జబ్బేనని డాక్టరు నోట విన్నవాడిలాగా ఉన్నాడు.

"మ్యాపుల ఊరి ఇవతలనే ఆగినవ్. ఇల్లేమో అవతల ఉన్నది. తొవ్వలనే నాకు సమజైంది. అయినా నీ మాట నిజం గావాలని గీడి దాక అచ్చిన."

"నేను ఏ తప్పు చేయలే," అంది తిరుమల.

"మరి ఏడ ఆగినవ్?"

ఆమె నోరు తెరిచింది. కారులో మజర్ మెల్లగా తల తిప్పి చూస్తున్నాడు. ఆమె నోరు మూసుకుంది.

బాల్‌రాజు కారు తలుపు తెరిచాడు. "బస్సులు లేవు. నడుసుకుంట పో. గీ తొవ్వ నీకు అలవాటే గద."

ఆయేషా గబగబా చాట దించి కారు దగ్గరికి పోయింది. "మజర్, గుక్కెడు నీళ్లన్న తాగి పో." మజర్ పెదవులు కదిలాయి. ఏమంటాడోనని ఆమె వంగింది. "పోనియ్," అన్నాడు డ్రైవరుతో. కారు రుద్రంగి వైపు సాగిపోయింది.

ఆడవాళ్లిద్దరూ రోడ్డు పక్కన మిగిలారు. ఆయేషా కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలి నుంచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. తమ్ముడు తాగని నీళ్లను తిరుమల తాగింది. మడమ సలుపుతోంది. కోరుట్ల ఎంత దూరమో ఆ కాలికి తెలుసు.

"నేనేమన్న తప్పు చెప్పిన్నా?" ఆయేషా అడిగింది. "నీ ముఖం సూస్తె గట్లనే అనిపిస్తున్నది. నాకేం తెల్వది చెల్లె. అడిగిండు, చెప్పిన."

"ఒక్క అబద్ధమాడితె అయిపోతుండె అక్కా," అంది తిరుమల. గొంతులో ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. "నాకోసం కాదు. షాజియాకోసం. దాన్ని కాపాడబోయి నా సంసారం గీ రోడ్డు మీద పెట్టుకున్న. ఐతారం ఐతారం నీ దగ్గరికి అచ్చి కూసునే మాట మజర్‌కు తెలువొద్దని."

ఆయేషా ఖాళీ గ్లాసు అందుకోబోయి ఆగింది.

"ఎవలు? మా షాజియానా?" అంది. "అబ్బా పోయిననాటి నుంచి దాని ముఖం ఎట్లుంటదో సుత నాకు తెల్వది. అది నా గడప ఎన్నడు తొక్కలే, చెల్లె."